గెల సినిమా

మా అత్తయ్యగారు ఏ సినిమా అయినా ఇంకో పావుగంటలో అయిపోతుందనగా లేచి వెళ్లిపోతారు. ఈ సంగతి కనిపెట్టడానికి నాకు పదమూడేళ్ల కాపురం, దానిమీద ఒక పందెం కావలసి వచ్చాయి.

పందెం పెట్టింది జెస్సీ టీచరు. మా హైస్కూల్లో ఆవిడ ఇంగ్లీషు, నేను సైన్సు చెబుతాం. జనవరిలో బడి తెరిచిన రోజున స్టాఫ్ రూములో అందరూ కొత్త సంవత్సరం తీర్మానాలు చదువుతున్నారు. ఒకరు పొద్దున్నే నడుస్తానన్నారు, ఒకరు టీలో పంచదార మానేస్తానన్నారు. జెస్సీ టీచరు చర్చిలో ఆ ఏడాదికి తనకు వచ్చిన వాగ్దాన వాక్యం కార్డును పర్సులో భద్రంగా పెట్టుకుంటూ, "నేనైతే ఈ ఏడాది ఇరవై నాలుగు పాత సినిమాలు చూస్తానండీ. చిన్నప్పుడు మా నాన్నగారు సినిమాహాలు వైపు కూడా వెళ్లనిచ్చేవారు కాదు. మంచివన్నీ మిస్సయిపోయేను" అన్నారు.

నేను వినేసి ఊరుకోవచ్చు. ఊరుకుంటే నేనెందుకవుతాను? "ఇరవై నాలుగేం గొప్పండీ, నేనూ చూస్తాను" అనేశాను. అప్పటికి నేను పూర్తిగా చూసిన పాత సినిమాలు మూడంటే మూడు.

"అయితే ఒకటే రూలండీ. శుభం అని పడేదాకా చూస్తేనే లెక్క. మధ్యలో కునుకు తీసినా, ఫోను చూసుకున్నా ఒప్పుకోను" అన్నారావిడ. స్టాఫ్ రూమంతా చప్పట్లు కొట్టింది. ఇక వెనక్కి తగ్గే దారి లేదు.

రెండు రోజులు ఇంటర్నెట్టంతా గాలించి ఒక జాబితా తయారు చేశాను. మా ఇల్లు సఖినేటిపల్లిలో, రేవుకి నాలుగడుగుల దూరం. మా ఆయన సాయిబాబుకి ఆదివారాలు కూడా రొయ్యల చెరువుల దగ్గరే తెల్లారుతుంది, అక్కడే పొద్దుగుంకుతుంది. కాబట్టి ఆదివారం భోజనాలయ్యాక టీవీ ముందు మిగిలేది ముగ్గురం. నేను, అత్తయ్యగారు మహాలక్ష్మమ్మ, మావయ్యగారు కామరాజు. మావయ్యగారు ముప్పై ఐదేళ్లు పంటు మీద సరంగుగా చేశారు. మనుషుల్నీ బళ్లనీ ఎక్కించుకుని మా రేవు నుంచి గోదావరి దాటి నరసాపురం చేర్చే పంటుకి చుక్కాని పట్టింది ఆయనే. ఇప్పుడు డెబ్బై ఒక్కేళ్లు. టీవీకి కాస్త పక్కగా కుర్చీ వేసుకుని, ఒళ్లో కొబ్బరాకులు పెట్టుకుని, చీపుళ్లకి ఈనెలు చీరుకుంటూ ఉంటారు. సినిమా చూస్తున్నారో లేదో తెలియదు.

మొదటి ఆదివారం జాబితా గొప్పగా చదివి వినిపించాను. ఒక్కో పేరు చదవడం, అత్తయ్యగారు "అది చూసేసేనే" అనడం. ఇరవై నాలుగూ అయ్యాయి. ఇరవై నాలుగూ చూసేశారు.

"అన్నీనా అండీ?"

"ఆయ్, అన్నీ. నరసాపురంలో. మార్చిన సినిమా మార్చినట్టే చూసేవోళ్లం."

నా గాలంతా పోయింది. ఆవిడకు మంచి సినిమా అంటే ఏమిటో నేర్పుదామని కూర్చున్నదాన్ని నేను.

సరే, మొదలుపెట్టాం. మొదటి సినిమాలో జమీందారు దుర్మార్గాలు చాలావరకు అయ్యాయి, హీరో కోట గోడ దూకాడు. అప్పుడే అత్తయ్యగారు చీర కుచ్చిళ్లు సర్దుకుని లేచారు. పనేమన్నా గుర్తొచ్చిందేమో అనుకున్నాను. రెండో సినిమాలో హీరోయిన్ దగ్గుతూ దగ్గుతూ మంచం పట్టింది, డాక్టరు కళ్లజోడు తీసి తల అడ్డంగా ఊపాడు. అత్తయ్యగారు లేచారు. మూడోది కూడా అంతే. నాలుగో సినిమాకి గడియారం చూసుకుంటూ కూర్చున్నాను. సరిగ్గా పద్దెనిమిది నిమిషాలుందనగా ఆవిడ చేతులు కుచ్చిళ్ల మీదకి వెళ్లాయి.

"ఎక్కడికండీ అత్తయ్యగారూ?"

"అయిపోయింది కదే అమ్మాయ్."

"ఇంకా పద్దెనిమిది నిమిషాలుందండీ. అసలు కథంతా ఇప్పుడే కదా!"

ఆవిడ తెల్లబోయి టీవీ వంకా, తన కుచ్చిళ్ల వంకా చూసుకున్నారు. తరవాత పకపకా నవ్వారు. "ఓసి నా తల్లీ! పంటు వెళ్లిపోద్దని లేచేనే."

అప్పుడు చెప్పారు. ఆ రోజుల్లో పగలంతా పనులు. సినిమాకి వెళ్లాలంటే సాయంత్రం ఆరింటి ఆటే దిక్కు. ఆట వదిలేసరికి ఎనిమిదిన్నర అయ్యేది. నరసాపురం నుంచి మా ఒడ్డుకి ఆఖరి పంటూ ఎనిమిదిన్నరకే. పంటు తప్పిపోతే ఆడవాళ్లు ఆ ఒడ్డున ఎక్కడుంటారు? అందుకని కథ ఎంత రసకందాయంలో ఉన్నా సరే, ఎనిమిదీ పది అయ్యేసరికి సఖినేటిపల్లి వాళ్లందరూ ఒక్కసారి లేచిపోయేవారట. హాల్లో నాలుగు వరసలు ఖాళీ. మిగతా జనం "అదుగో, అవతలొడ్డు వాళ్లు లేచేరు, పావుగంటే ఉంది" అనుకునేవారట.

"అంటే మీరు ఏ సినిమా పూర్తిగా చూళ్లేదన్న మాట" అన్నాను. నా జాబితాకి మళ్లీ ప్రాణం వచ్చింది.

ఆవిడకు కోపం వచ్చింది. "ఎందుకు చూళ్లేదు? ఆఖర్లన్నీ నాకు తెలుసు. మీ మావయ్యగారు పంటు మీద చెప్పేవోరు కదా!"

"ఏదీ, మొన్న చూసిన జమీందారు ఏమయ్యాడో చెప్పండి?"

"మారిపోయి, పడవెక్కి అవతలొడ్డుకి పోయి, ఎవరూ ఎరగని ఊళ్లో పిల్లలకి బడి పెట్టుకున్నాడు."

నేను చూసిన సినిమాలో జమీందారు కోటతో సహా కాలిపోయాడు.

"మరి దగ్గుతున్న అమ్మాయండీ?"

"మదనపల్లి ఆసుపత్రికి పోయి నయం చేయించుకుని లాంచీలో తిరిగొచ్చింది. ఆ కుర్రోడు రేవులో నిలబడి చెయ్యి ఊపుతాడు."

నేను చూసిన సినిమాలో ఆ అమ్మాయి ఆ కుర్రాడి ఒళ్లోనే కన్నుమూసింది. నేను రెండు జేబురుమాళ్లు తడిపాను కూడా.

మావయ్యగారి వైపు చూశాను. ఆయన ఒకే ఈనెని మూడోసారి చీరుతున్నారు. చెవులు రెండూ ఎర్రబడ్డాయి.

మర్నాడు పొద్దున్న నేను బడికి స్కూటీ తీస్తుంటే వీధి గుమ్మం దాకా వచ్చారు. "అమ్మా కళ్యాణీ, నీకు తెలిసిపోయింది కదూ?"

"మీరు ఒక్క సినిమా కూడా చూళ్లేదు కదండీ మావయ్యగారూ?"

"పంటు వదిలి ఎప్పుడు చూస్తానమ్మా? హాల్లో బాబ్జీ అనే స్నేహితుడున్నాడు, అన్నీ వాడే చెప్తాడని అందరితోనూ అనేవోణ్ణి. బాబ్జీ ఉన్నమాట నిజమే. హాలు బయట సోడాలు కొట్టేవోడు. వాడూ లోపలికి వెళ్లి ఎరగడు." తువ్వాలుతో ముఖం తుడుచుకున్నారు. "ఏం చెయ్యమంటావమ్మా? అందరూ బిక్కమొహాలేసుకుని ఎక్కేవోరు. ఆ పిల్ల బతికిందా, ఆ కుర్రోడొచ్చేడా అని ఒకటే ఆరాటం. గోదారి దాటేలోపు ఏదో ఒకటి చెప్పకపోతే రేవులో దిగి ఇళ్లకెలా వెళ్తారు? నేను అటేపు నుంచి ఇటేపుకి దాటించేవోణ్ణి కదా, కథ కూడా అలాగే దాటించేసేవోణ్ణి."

నీరు నూరు డిగ్రీల దగ్గర మరుగుతుందని పదహారేళ్లుగా చెబుతున్నాను, వెనక బెంచీల వాళ్లు ఇప్పటికీ నమ్మరు. ఈయన ఒక్క సినిమా కూడా చూడకుండా ఒక ఒడ్డు ఒడ్డంతటినీ నమ్మించారు. ఆ రోజు దారంతా నవ్వుకుంటూనే వెళ్లాను. అప్పటిదాకా మావయ్యగారంటే నాకు గౌరవం ఉండేది గానీ, ఆయన్ని పట్టించుకున్నది లేదు. ఆ పొద్దుటి నుంచి పట్టించుకోవడం మొదలుపెట్టాను.

తరవాత ఆదివారాలు భలే సరదాగా గడిచాయి. అత్తయ్యగారు సమయానికి లేచి వంటింట్లోకి వెళ్లేవారు. నేను ఒక్కదాన్నే శుభం దాకా చూసి టిక్కు పెట్టుకునేదాన్ని. ఆ పైన వంటింట్లోకి వెళ్లి, "ఆఖరు ఎలా అవుతుందండీ?" అని ఆవిణ్ణి అడిగి మావయ్యగారి ఆఖరు వినేదాన్ని. ఆయన ఆఖర్లలో ఎవరూ చచ్చిపోరు. తప్పు చేసినవాడు ఏరు దాటి వెళ్లి పని వెతుక్కుంటాడు. విడిపోయినవాళ్లు రేవులో కలుసుకుంటారు. నాకు నచ్చని సినిమా ఒక్కటి కూడా లేదు గానీ, రెండో ఆఖరు కోసం కూడా ఎదురుచూడటం అలవాటైపోయింది.

వేసవి సెలవుల్లో అత్తయ్యగారు అడిగారు. "నా సినిమా ఎప్పుడు పెడతావే?"

"మీ సినిమా ఏదండీ?"

"గెల సినిమా."

అది నా జాబితాలో పదిహేడోది. దానికి అసలు పేరు ఉంది గానీ మా ఇంట్లో ఎవరూ ఆ పేరుతో పిలవరు. ఎందుకో ఆవిడే చెప్పారు. నలభై ఏడేళ్ల కిందటి మాట. ఆవిడది అంతర్వేది దగ్గర పల్లె. తండ్రికి మూడు వలలు, రెండు నావలు ఉండేవి. ఆవిడ కుట్టు మిషను నేర్చుకోడానికి సఖినేటిపల్లిలో రాజ్యం పిన్ని ఇంట్లో ఉండేవారు. పిన్నికి సినిమాల పిచ్చి. పంటు మీద పరిచయమైన కామరాజు గారు పిన్ని ద్వారా పెళ్లి కబురు పెట్టారు. పంటు మీద జీతానికి చేసేవాడికి మా పిల్లనిస్తామా అని తండ్రి మండిపడి, వేరే సంబంధం ఖాయం చేసుకొచ్చారు. ఆవిడ ఎటూ తేల్చుకోలేక కొట్టుకుపోతున్న ఆ వారంలో వచ్చింది ఆ సినిమా. అందులో హీరోయిన్ తండ్రి మాట కాదని, ఏమీ లేని మనిషిని కట్టుకుంటుంది. తండ్రి ఆమె ముఖం మీదే తలుపు వేసేస్తాడు. సరిగ్గా అక్కడ ఎనిమిదీ పది అయింది.

"పంటెక్కేను. ఎప్పుడూ ఆయన్ని నేరుగా పలకరించలేదు నేను, పిన్నే అడిగేది. ఆ రోజు నేనే వెళ్లి 'తర్వాత ఏమైందండీ?' అన్నాను. ఈయన నీళ్ల కేసి చూస్తూ, 'మూడు నెల్లలో తండ్రి వత్తాడండీ. నావ దిగి, భుజమ్మీద అరటిగెల పెట్టుకుని వత్తాడు' అన్నారు. ఇంక నాకు భయం పోయింది. ఆ వారంలోనే రాజోలు రిజిస్టరాఫీసులో సంతకాలు పెట్టేసేం."

"మరి మీ నాన్నగారండీ?"

"నా ముఖం చూడనన్నాడు. నేనేం బెంగ పెట్టుకోలేదు. వత్తాడని తెలుసు కదా! రోజూ పొద్దున్నే గుమ్మంలో కూచుని రేవు కేసి చూసేదాన్ని. ఎనభై ఏడో రోజున వచ్చేడు. నావ దిగి, భుజమ్మీద చక్కెరకేళీ గెలతో! అచ్చం సినిమాలో లాగే." అంత పట్టరాని సంతోషం ఆ ముఖంలో నేనెప్పుడూ చూడలేదు. "మా నాన్నకి సినిమా అంటే ఏంటో తెలీదే. అయినా గెలతో వచ్చేడు చూడు!"

మావయ్యగారు అప్పటికే ఈనెలు అక్కడ వదిలేసి పెరట్లోకి వెళ్లిపోయారు.

ఆ పదిహేడో సినిమాని నేను ముందే నా ఫోనులో, రెండు మధ్యాహ్నాలు తలుపు వేసుకుని చూసేశాను. చాలా గొప్ప సినిమా. ఆ తండ్రి వేషం వేసినాయన మాట్లాడకుండా కుర్చీలో కూర్చుంటేనే నాకు గుండె జారిపోయింది. కానీ అందులో గెల లేదు. నావ లేదు. తండ్రి రాడు. కూతురు ఏళ్ల తరబడి గుమ్మంలో కూర్చుని ఎదురు చూస్తుంది. చివరికి తండ్రి పోయాడని కబురొస్తుంది. ఆ పిల్ల పరుగెత్తుకుంటూ వెళ్లి, ఆనాడు మూసేసిన తలుపు మీద రెండు చేతులూ పెట్టి నిలబడిపోతుంది. అంతే, శుభం.

మావయ్యగారు నన్ను బావి దగ్గర పట్టుకున్నారు. "ఆ ఒక్కటీ పెట్టకమ్మా."

"మావయ్యగారూ..."

"మిగతావన్నీ సరదాకి చెప్పేను. అది మాత్రం నా స్వార్థానికి చెప్పేను. మీ అత్తయ్య నన్ను నమ్మి వచ్చింది. నలభై ఏడేళ్లు నమ్మింది. ఇప్పుడు అబద్ధమని తెలిస్తే, నేను దాని ముఖం ఎలా చూడాలి చెప్పు?" ఆయన రెండు చేతులూ జోడించారు. గోదావరికి వరదొచ్చినప్పుడు చుక్కాని వదలని చేతులట అవి. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

నేను అబద్ధమాడాను. ఆ సినిమా నెట్లో ఎక్కడా లేదండీ అని అత్తయ్యగారికి చెప్పాను. ఆవిడ నమ్మారు. నెలకోసారి అడిగేవారు, నెలకోసారి అదే చెప్పేదాన్ని. మనిషి నమ్ముతున్న కొద్దీ అబద్ధం బరువెక్కుతుందని నాకు అప్పుడే తెలిసింది. నేను ఏడు నెలలు మోయడానికే అల్లాడిపోయాను. ఆయన నలభై ఏడేళ్లు మోశారు.

డిసెంబరుకి నా జాబితాలో అన్నింటికీ టిక్కులు పడ్డాయి, దొంగచాటుగా చూసిన పదిహేడోదానికి తప్ప. క్రిస్మస్ ముందు ఆదివారం మధ్యాహ్నం జెస్సీ టీచరు పండక్కి వండిన గులాబీ పువ్వులూ కేకూ పట్టుకుని మా ఇంటికి వచ్చారు. అత్తయ్యగారు ఆవిణ్ణి కూర్చోబెట్టి కాఫీ ఇచ్చారు.

"నావి ఇరవై నాలుగూ అయిపోయేయండీ" అన్నారు జెస్సీ టీచరు ఎంతో సంతోషంగా. "నిన్ననే ఆఖరిది చూసేను." అని పేరు చెప్పారు. అది గెల సినిమా. "అబ్బ, ఏం సినిమా అండీ! ఏడ్చి ఏడ్చి కళ్లు వాచిపోయేయి. కళ్యాణి గారూ, మీరింకా చూళ్లేదా? యూట్యూబులో పేరు కొడితే మొదట అదే వస్తుంది కదండీ."

మావయ్యగారి చేతిలో ఈనె ఆగిపోయింది. పాపం, ఆవిడకేం తెలుసు? క్వయిర్ ప్రాక్టీసుకి వేళైందంటూ కాఫీ తాగి లేచారు. గేటు పడిన చప్పుడయ్యాక అత్తయ్యగారు నా వైపు తిరిగారు.

"లేదన్నావే?"

నేను నేల చూపులు చూశాను.

"ఏడుపెందుకొచ్చిందంట ఆవిడకి? తండ్రి గెలతో వత్తే ఏడుపెందుకు?" ఆవిడ నన్ను చూశారు, మావయ్యగార్ని చూశారు, కుర్చీలో సర్దుకుని కూర్చున్నారు. "పెట్టు."

మావయ్యగారు తువ్వాలు భుజాన వేసుకుని లేవబోయారు.

"కూచోండి. ఇప్పుడు మనకి పంటు లేదు" అన్నారావిడ.

ఆయన కూర్చున్నారు.

రెండుంపావు గంటల సినిమా అది. ఆవిడ కళ్లార్పకుండా చూశారు. పాటలొచ్చినప్పుడు పెదవులు కదిపారు. తండ్రి తలుపు మూసినప్పుడు, "ఇదుగో, ఇక్కడే రాజ్యం పిన్ని చెయ్యి పట్టుకు లాగేసింది" అన్నారు. చేతులు అలవాటు కొద్దీ కుచ్చిళ్ల మీదకి వెళ్లాయి. అక్కడే ఆగిపోయాయి.

తరవాతి పద్దెనిమిది నిమిషాలూ నేను సినిమా చూడలేదు, ఆవిణ్ణే చూశాను. తెర మీద పిల్ల గుమ్మంలో కూర్చుంది. ఋతువులు మారాయి. కబురొచ్చింది. ఆ పిల్ల పరుగెత్తింది. మూసిన తలుపు, దాని మీద రెండు చేతులు. శుభం.

"ఇదేం శుభం?" అన్నారు అత్తయ్యగారు.

నేను టీవీ ఆపేశాను. మావయ్యగారు తల వంచుకుని ఒళ్లో చేతులు చూసుకుంటున్నారు. ఆవిడ అరుస్తారని, లేచి లోపలికి వెళ్లిపోతారని భయపడ్డాను. ఆవిడ అలా ఏమీ చేయలేదు. నల్లటి టీవీ వంక చూస్తూనే, మా ఇద్దరికీ తట్టని ప్రశ్న అడిగారు.

"మరి మా నాన్నెందుకొచ్చేడు?"

మావయ్యగారు తువ్వాలు అంచు మెలిపెడుతున్నారు.

"మిమ్మల్నే అడిగేది. సినిమాలో తండ్రి రాలేదు. మరి మా నాన్న ఎందుకొచ్చేడు?"

"నేనెళ్లి అడిగేనే."

"ఏంటి?"

"పెళ్లయిన వారానికి తెలిసింది నాకు ఆఖరు. నరసాపురంలో చుట్టాలింట్లో ఉండి మొత్తం చూసొచ్చినావిడెవరో పంటు మీద చెప్తాంది. ఇంటికొచ్చి చూత్తే నువ్వు గుమ్మంలో కూచునున్నావు, రేవు కేసి చూత్తా. ఆ సినిమాలో పిల్ల కూడా అలాగే కూచుందని చెప్పిందావిడ." ఆయన తల ఎత్తి ఆవిడ వంక చూశారు. "భయమేసిందే మాలక్ష్మీ. చెప్పిందెలాగూ చెప్పేసేను, ఇంక దాన్ని జరిపించాలి కదా అనుకున్నాను. పంటు మీద సెలవు దొరికినప్పుడల్లా ఏటిగట్టు పట్టుకుని మీ ఊరు నడిచేవోణ్ణి. మొదటిసారి మీ నాన్న చెంబు విసిరేడు. రెండోసారి చూడనే లేదు. తర్వాతెప్పుడో మీ అమ్మ మజ్జిగిచ్చింది. మూడో నెలలో ఆయనే అడిగేడు, 'అసలు మా పిల్ల నిన్నేం చూసి చేసుకుందిరా?' అని. నిజం చెప్పేసేను. సినిమా కథంతా చెప్పేను. తండ్రి తలుపేసిందాకా చెప్పి ఆపేను."

"ఆపితే?"

"'తర్వాత?' అన్నాడు. 'తర్వాత మీరే చెప్పాలండీ' అన్నాను."

అత్తయ్యగారు చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. ఆ చెంగు చాటు నుంచే అడిగారు. "మరి గెల?"

"అదీ నేనే. రావులపాలెం నుంచి గెలల లారీ పంటెక్కింది. డ్రైవర్ని బతిమాలి ఒకటి దింపించుకున్నాను. ముందు రోజే పట్టుకెళ్లి మీ నాన్న నావలో పెట్టేను. 'ఇదెందుకురా మధ్యలో?' అన్నాడు. 'కథలో ఉందండీ, మొయ్యాలి' అన్నాను. తిట్టుకుంటానే మోసేడు. నీతో చెప్పొద్దని ఒట్టేయించుకున్నాను. పాపం, పోయేదాకా మాట తప్పలేదు."

"ఆ రోజు మీరు ఏమీ ఎరగనట్టు పంటు మీద నిలబడి చూసేరు!"

"నీ ముఖం చూసేను. అప్పుడింక ఏం చెప్పాలనిపించలేదు."

నాకు కళ్ల నీళ్లు ఆగలేదు, ఆపుకోవాలనీ అనిపించలేదు. ఏడాది పొడుగునా ఎంతమంది గొప్ప నటులను చూశాను, ఎన్ని గొప్ప ఆఖర్లు చూశాను! ఇంత గొప్ప ఆఖరు రాసినాయన నా పక్కనే చీపురు ఈనెలు చీరుకుంటూ కూర్చున్నారు.

అత్తయ్యగారు లేచారు. ఆయన దగ్గరకు వెళ్లి, ఒళ్లో ఉన్న కొబ్బరాకులు తీసి కింద పడేసి, పక్కన కూర్చున్నారు. ఆవిడ ముఖం ఏడుస్తోంది, గొంతులో మాత్రం కోపం ఉంది. ఆ కోపం ఆయన మీద కాదు. చేత్తో టీవీ వైపు చూపించి నాతో అన్నారు.

"ఆ పిల్ల మొగుడున్నాడు చూడు, అన్ని పాటలు పాడేడు గానీ ఒక్కసారైనా వెళ్లి ఆ తండ్రిని అడిగేడా? అడిగుంటే రాడూ ఆయన!"